వాన లెక్కకు ఆధారం ఏది? – నిల్వ ఉన్న వాతావరణ దత్తాంశం, కమాండ్ లైన్ పద్ధతి

ఖరీఫ్‌కు ముందు జరిగే రైతు సదస్సుల్లో గానీ, పంట దెబ్బతిన్నప్పుడు చేసే క్షేత్ర సందర్శనల్లో గానీ విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మా మండలంలో వాన నిజంగానే తగ్గిందా? తగ్గితే ఏ నెలలో తగ్గింది?" విత్తే అదను, రకం ఎంపిక, పెట్టుబడి వంటి నిర్ణయాలను రైతు కొంతవరకు మన సమాధానాన్ని నమ్మి తీసుకుంటాడు. ఇంతటి బరువున్న సమాధానాన్ని మనం ఎక్కడి నుంచి తెస్తున్నాం? ఎక్కువ సందర్భాల్లో ఏదో ఒక పోర్టల్‌లో కనిపించిన రేఖాచిత్రాన్ని తెరపట్టుగా తీసుకొని ప్రదర్శనలో అతికిస్తున్నాం. సలహా పత్రాల్లోనూ, స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసాల్లోనూ వర్షపాత రేఖాచిత్రం కింద "మూలం: వాతావరణ శాఖ" అన్న మాట మినహా వేరే వివరం కనిపించడం అరుదు. అది ఏ కేంద్రం లేదా ఏ గ్రిడ్ బిందువుకు చెందినది, ఏ సంవత్సరాల సగటుతో పోల్చారు, దత్తాంశం లేని రోజులను ఏం చేశారు, రోజును ఏ గంట నుంచి ఏ గంట వరకు లెక్కించారు అన్న ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలో దొరకదు.

తయారైన క్రమం రాతలో లేని వర్షపాత రేఖాచిత్రాన్ని శాస్త్రీయ ఆధారంగా అంగీకరించరాదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ క్రమాన్ని రాతలో ఉంచడానికి మనకు అందుబాటులో ఉన్న అత్యంత సులభమైన, ఖర్చులేని మార్గం కమాండ్ లైన్ సాఫ్ట్‌వేర్. దీనిని కంప్యూటర్ నిపుణుల విద్యగా భావించి వ్యవసాయ విద్యార్థులు దూరంగా ఉంటున్నారు. పంట ప్రయోగంలో వరుసల ఎడం, ఎరువుల మోతాదు, కోత తేదీ క్షేత్ర పుస్తకంలో నమోదు చేయనిదే ఫలితాన్ని అంగీకరించని మనం, వాతావరణ దత్తాంశం విషయంలో మాత్రం ఆ నియమాన్ని సడలించుకున్నాం.

మన చేతికి అందిన భాండాగారం

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. 1932లో పుణెలో డాక్టర్ ఎల్.ఎ. రాందాస్ ఆధ్వర్యంలో వ్యవసాయ వాతావరణ విభాగం ప్రారంభమైంది. అప్పటి నుంచి వర్షమాపకాల నమోదులు రిజిస్టర్లలో పోగవుతూ వచ్చాయి. ఒకప్పుడు ఆ దత్తాంశం కావాలంటే లేఖ రాసి, రుసుము చెల్లించి నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. నేడు పరిస్థితి మారింది. దేశం మొత్తానికి 0.25 డిగ్రీల గ్రిడ్‌పై 1901 నుంచి రోజువారీ వర్షపాతం, ఒక డిగ్రీ గ్రిడ్‌పై 1951 నుంచి రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు పుణె కార్యాలయం ద్వారా ఉచితంగా లభిస్తున్నాయి.

దీనికి తోడు యూరోపియన్ మధ్యశ్రేణి వాతావరణ సూచనల కేంద్రం రూపొందించిన ఇ.ఆర్.ఎ.5 పునర్విశ్లేషణ 1940 నుంచి గంటగంటకూ దొరుకుతుంది. ఉపగ్రహ పరారుణ చిత్రాలనూ, భూమిపై ఉన్న వర్షమాపకాల నమోదులనూ కలిపి రూపొందించిన చిర్ప్స్ వర్షపాత దత్తాంశం 0.05 డిగ్రీల సూక్ష్మతతో 1981 నుంచి ఉంది. నాసా పవర్ సేవ అక్షాంశం, రేఖాంశం, తేదీలు ఇస్తే చాలు, ఒక బిందువుకు సంబంధించిన రోజువారీ ఉష్ణోగ్రత, వర్షపాతం, సౌరవికిరణం పట్టికగా అందిస్తుంది.

దత్తాంశానికి కొరత లేదు. కొరత ఉన్నది దానిని తెరచి, పరీక్షించి, మనకు కావలసిన తీరులో మలచుకునే అలవాటుకే. ఈ భాండాగారాల్లో చాలా భాగం నెట్‌సీడీఎఫ్, గ్రిబ్ లేదా ముడి బైనరీ రూపాల్లో ఉంటుంది. స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరుచుకోవు. కాబట్టి విద్యార్థి వెంటనే పోర్టల్ చిత్రం వైపు మళ్లుతున్నాడు, లేదా ఎవరో పంపిన ఎక్సెల్ పట్టికను ప్రశ్నించకుండా స్వీకరిస్తున్నాడు.

ఒక ఉదాహరణ: అనంతపురం గ్రిడ్ బిందువు

కమాండ్ లైన్‌తో పని ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. అనంతపురం వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. ఖరీఫ్‌లో వర్షాధార వేరుశనగ ప్రధాన పంట. పట్టణం సుమారు 14.68 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.60 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. వాతావరణ శాఖ వర్షపాత గ్రిడ్ 66.5 డిగ్రీల తూర్పు, 6.5 డిగ్రీల ఉత్తరం వద్ద మొదలై, తూర్పు దిశగా 135, ఉత్తర దిశగా 129 బిందువులు కలిగి ఉంటుంది. అనంతపురానికి అతి సమీప బిందువు 14.75 ఉత్తరం, 77.5 తూర్పు. అంటే తూర్పు దిశగా 45వది, ఉత్తర దిశగా 34వది.

దస్త్రం సరిగా దిగుమతి అయిందో లేదో తెలుసుకోవడం మొదటి పని. ఒక రోజుకు 135ను 129తో హెచ్చిస్తే 17,415 విలువలు. ఒక్కో విలువకు 4 బైట్లు. సాధారణ సంవత్సరానికి బైనరీ దస్త్రం 2,54,25,900 బైట్లు, లీపు సంవత్సరానికి 2,54,95,560 బైట్లు ఉండాలి. దస్త్రాల జాబితా చూపే చిన్న ఆదేశంతో ఈ లెక్క సరిపోయిందో లేదో క్షణంలో తెలుస్తుంది. ఇంటర్నెట్ మధ్యలో ఆగి సగమే దిగిన దస్త్రంతో నెల రోజులు పనిచేసే ప్రమాదం ఇక్కడే తొలగిపోతుంది.

తరువాత పనిముట్లు. నెట్‌సీడీఎఫ్ దస్త్రాల్లో ఏ చలరాశి ఉంది, ఏ ప్రమాణంలో ఉంది, లోపించిన విలువకు ఏ గుర్తు వాడారు అన్నది ఎన్‌సీడంప్ అనే చిన్న ఆదేశం చూపుతుంది. హాంబర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన సీడీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బిందువును ఎంచుకోవడం, రోజువారీ మొత్తాలు, నెలవారీ సగటులు, శతాంశాలు లెక్కించడం వంటి వందలాది క్రియలను ఒక్కొక్క మాటతో చేయిస్తుంది. ఒక క్రియ ఫలితాన్ని మరొక క్రియకు గొలుసులా అందించవచ్చు. రేఖాచిత్రాల కోసం 1986 నుంచి వాడుకలో ఉన్న గ్నూప్లాట్ గానీ, వాతావరణ శాస్త్రవేత్తలకు చిరపరిచితమైన గ్రాడ్స్ గానీ, మన విద్యార్థులు గణాంక విశ్లేషణకు ఇప్పటికే వాడుతున్న ఆర్ గానీ సరిపోతాయి. భారత వాతావరణ శాఖ దస్త్రాలను నేరుగా దించి చదవడానికి పైథాన్‌లో ఐఎండీలిబ్ అనే లైబ్రరీ ఉంది.

1991 నుంచి 2020 వరకు 30 సంవత్సరాల బైనరీ దస్త్రాలు కలిపితే సుమారు 76 కోట్ల బైట్లు. వాటి నుంచి ఒక్క బిందువును వేరుచేస్తే మిగిలేవి 10,958 విలువలు మాత్రమే. ఈ పనికి పెద్ద కంప్యూటర్ అవసరం లేదు. కావలసినదల్లా పది పదిహేను వరుసల స్క్రిప్టు. ఆ స్క్రిప్టు ఒక సాధారణ పాఠ్య దస్త్రం. అదే మనం చేసిన పనికి క్షేత్ర పుస్తకం. ఏ దస్త్రం తీసుకున్నాం, ఏ బిందువు ఎంచుకున్నాం, దేనిని దేనితో హెచ్చించాం అన్నదంతా వరుసగా అందులో ఉంటుంది. రేపు మరొకరు అదే స్క్రిప్టును నడిపితే అదే చిత్రం రావాలి. రాకపోతే తేడా ఎక్కడుందో వెదకడానికి చోటు ఉంటుంది.

కంటికి కనిపించని మూడు పొరపాట్లు

ఈ పద్ధతిని గట్టిగా సమర్థించడానికి కారణం సౌలభ్యం కాదు. వాతావరణ దత్తాంశంలో కొన్ని పొరపాట్లు తుది చిత్రంలో ఎంతమాత్రం కనిపించవు. అవి పని క్రమంలో మాత్రమే దొరుకుతాయి.

మొదటిది లోపించిన విలువల గుర్తు. వాతావరణ శాఖ వర్షపాత గ్రిడ్‌లో దత్తాంశం లేని చోట మైనస్ 999 అని, ఉష్ణోగ్రత గ్రిడ్‌లో 99.9 అని ఉంటుంది. నాసా పవర్ పట్టికలోనూ మైనస్ 999 కనిపిస్తుంది. ఇలాంటి గుర్తులను ఏ దత్తాంశంలోనైనా "ఇది విలువ కాదు" అని ముందుగా ప్రకటించకపోతే అవి సగటులో కలిసిపోతాయి. రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు ఉన్న మే నెలలో ఒక్క రోజు 99.9గా నమోదై ఉంటే ఆ నెల సగటు దాదాపు 2 డిగ్రీలు పెరుగుతుంది. అంతటి పెరుగుదలను చూసి భూతాపానికి నిదర్శనమని రాయడానికి ఉత్సాహపడే విద్యార్థులు ఉంటారు. 30 సంవత్సరాల నెలవారీ వర్షపాత సగటులో ఒక్క మైనస్ 999 కలిస్తే ఆ సగటు 33 మి.మీ.కు పైగా తగ్గుతుంది. పొడి జిల్లాలో అది జూన్ నెల వానలో సగం కావచ్చు. చిత్రం మాత్రం చూడముచ్చటగానే ఉంటుంది.

రెండవది ప్రమాణాలు. ఇ.ఆర్.ఎ.5లో వర్షపాతం మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటుంది. వెయ్యితో హెచ్చించడం, 273.15 తీసివేయడం చిన్న పనులే. అయినా అవి ఎక్కడ చేశామో రాసి ఉండకపోతే, రెండుసార్లు చేశామో అసలు చేయలేదో చెప్పలేం. ఇ.ఆర్.ఎ.5–ల్యాండ్‌లో మరో చిక్కు ఉంది. అందులో వర్షపాతం రోజు ఆరంభం నుంచి కూడుతూ పోతుంది. ఒక రోజు మొత్తం విలువ మరుసటి రోజు సున్నా గంటల నమోదులో ఉంటుంది. ఇది తెలియక 24 గంటల విలువలను కూడితే చిరుజల్లు కూడా కుండపోతగా తేలుతుంది.

మూడవది రోజుకు నిర్వచనం. ఇది నాకు అనుభవంలో తెలిసివచ్చిన విషయం కనుక కొంత వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నా మార్గదర్శకత్వంలో ఒక విద్యార్థి మా పరిశోధన క్షేత్రంలోని వర్షమాపక రిజిస్టరును పునర్విశ్లేషణ దత్తాంశంతో పోల్చాడు. రోజువారీ విలువల మధ్య పొంతన చాలా తక్కువగా వచ్చింది. పని మొత్తం స్ప్రెడ్‌షీట్‌లో జరిగింది. "ఈ దత్తాంశం రోజువారీ వినియోగానికి పనికిరాదు" అని సిద్ధాంత వ్యాసంలో రాశాం. మార్గదర్శకుడిగా దానిపై నా సంతకం ఉంది. రెండేళ్ల తరువాత మరో విద్యార్థిని అదే పోలికను వేరొక క్షేత్రానికి స్క్రిప్టుతో చేసింది. ఆమెకూ మొదట అదే ఫలితం వచ్చింది. అయితే నెలవారీ మొత్తాలు చక్కగా సరిపోతున్నాయి. నెల సరిపోయి రోజు సరిపోకపోవడం ఎందుకన్న సందేహంతో ఆమె తన స్క్రిప్టును మొదటి నుంచి చదివింది. రోజువారీ మొత్తం లెక్కించే ఒక్క వరుస వద్ద ఆగింది.

మన దేశంలో వర్షమాపకాన్ని ఉదయం 8:30 గంటలకు కొలుస్తారు. 11వ తేదీ కింద నమోదయ్యే వాన, 10వ తేదీ ఉదయం 8:30 నుంచి 11వ తేదీ ఉదయం 8:30 వరకు కురిసినది. పునర్విశ్లేషణలో రోజు అంతర్జాతీయ ప్రామాణిక సమయం ప్రకారం నడుస్తుంది. మనకు తెల్లవారుజామున 5:30కి ఆ రోజు మొదలవుతుంది. రాయలసీమలో చాలా వానలు సాయంత్రం, రాత్రి వేళల్లో కురిసేవే. 10వ తేదీ సాయంత్రం కురిసిన వాన రిజిస్టరులో 11వ తేదీన, పునర్విశ్లేషణలో 10వ తేదీన కనిపిస్తుంది. రెండు పట్టికలు ఒకే వానను వేర్వేరు రోజుల్లో చూపుతున్నాయి. ఇ.ఆర్.ఎ.5 గంటవారీ విలువల సమయాన్ని 20 గంటలు ముందుకు జరిపి, ఆ తరువాత రోజువారీ మొత్తం తీస్తే రెండింటి రోజు ఒకటే అవుతుంది. ఆమె స్క్రిప్టులో దానికి ఒక్క మాట చేర్చవలసి వచ్చింది. చేర్చి తిరిగి నడిపింది. రెండు వరుసల వానలూ ఒకదానిపై ఒకటి వచ్చి నిలిచాయి.

వెంటనే మొదటి విద్యార్థి పనిని కూడా సరిచూడాలనుకున్నాం. దస్త్రం దొరికింది. అందులో తేదీల నిలువు వరుస చేత్తో అతికించినది. మధ్యలో కొన్ని వరుసలు తొలగించి ఉన్నాయి. ఎందుకు తొలగించారో రాసి లేదు. అతడికీ గుర్తులేదు. అక్కడ కూడా ఇదే పొరపాటు జరిగిందో, మరేదైనా కారణం ఉందో నేటికీ చెప్పలేను. ఇద్దరు విద్యార్థుల శ్రద్ధలో తేడా లేదు. ఒకరి పని తిరిగి నడవగలిగే రూపంలో ఉంది, మరొకరిది లేదు. ఆ మొదటి సిద్ధాంత వ్యాసం ఇప్పటికీ గ్రంథాలయంలో ఉంది. దానిని ఎవరైనా ఉదహరించినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

రేఖాచిత్రం రైతు ప్రశ్నకు సమాధానం చెప్పాలి

దత్తాంశాన్ని మనమే తెరవడంలో మరొక ప్రయోజనం ఉంది. పోర్టల్ తన వీలును బట్టి గీసిన చిత్రాన్నే మనకు ఇస్తుంది. అక్కడ సాధారణంగా నెలవారీ మొత్తం, సగటుతో పోలిస్తే వచ్చిన వ్యత్యాసశాతం ఉంటాయి. జూలై మొత్తం సాధారణమే అయినా, ఆ వాన అంతా మొదటి వారంలో కురిసి తరువాత మూడు వారాలు బెట్ట పడితే విత్తిన వేరుశనగకు ఆ సాధారణ వర్షపాతం వల్ల మేలేమీ ఉండదు. రైతు అడుగుతున్నది బెట్ట గురించి. మనం చూపుతున్నది మొత్తం గురించి.

రోజువారీ విలువలు చేతిలో ఉంటే, 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిసిన రోజును వర్షపు రోజుగా పరిగణించి, రెండు వర్షపు రోజుల మధ్య ఎన్ని పొడి రోజులు వచ్చాయో లెక్కించవచ్చు. ఊడలు దిగే దశలో, కాయలు ఊరే దశలో ఎన్ని సంవత్సరాలు పది రోజులకు మించిన బెట్ట వచ్చిందో 30 ఏళ్ల దత్తాంశం నుంచి తీయవచ్చు. ప్రామాణిక వాతావరణ వారాలుగా విభజించవచ్చు. అక్కడా జాగ్రత్త అవసరం. 52వ వారంలో ఎప్పుడూ ఎనిమిది రోజులు ఉంటాయి. లీపు సంవత్సరంలో 9వ వారంలోనూ ఎనిమిది రోజులు ఉంటాయి. ఏడేసి రోజులుగా గుడ్డిగా కత్తిరించుకుంటూ పోతే లీపు సంవత్సరాల్లో మార్చి నుంచి ప్రతి వారమూ ఒక రోజు పక్కకు జరుగుతుంది.

వారాల లెక్క మనది. రైతు లెక్క కార్తెలది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, పునర్వసు జూలై 6 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమే ఒక కార్తె. కార్తెల ఆరంభ తేదీలను ఒక చిన్న పట్టికగా ఇస్తే, అవే రోజువారీ విలువలను కార్తెల వారీగా కూడడం స్క్రిప్టుకు కొత్త పని కాదు. "గత 30 ఏళ్లలో ఆరుద్రలో ఇన్ని ఏళ్లు విత్తనానికి చాలినంత వాన పడింది, పునర్వసులో ఇన్ని ఏళ్లు పడింది" అని రైతుకు అర్థమయ్యే కొలతలో చెప్పగలిగితే విస్తరణ సార్థకమవుతుంది. ఏ పోర్టల్‌లోనూ ఈ మీట ఉండదు. ఆ పని దత్తాంశాన్ని చేతిలోకి తీసుకున్నవారే చేయాలి.

గీతలోనూ కొంత నియమం పాటించాలి. రోజువారీ వర్షపాతాన్ని కలిపిన గీతగా గీస్తే, వాన లేని రోజుల్లోనూ వాన తగ్గుతూ పెరుగుతున్నట్లు భ్రమ కలుగుతుంది. నిలువు గీతలుగా చూపడమే సరైనది. గ్నూప్లాట్‌లో ఇందుకు ప్రత్యేక శైలి ఉంది. దత్తాంశం లేని రోజు, వాన లేని రోజు వేర్వేరుగా కనిపించాలి. పోలికకు తీసుకున్న సగటు కాలం చిత్రంపైనే ఉండాలి. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రస్తుత ప్రామాణిక కాలం 1991–2020. భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవన వర్షపాతానికి 1971–2020 సగటును వాడుతోంది. ఒకే సంవత్సరం ఒక సగటుతో లోటుగానూ, మరొక సగటుతో సాధారణంగానూ తేలవచ్చు. ఏది వాడామో చెప్పకపోవడం చదువరిని తప్పుదారి పట్టించడమే.

గ్రిడ్ పొలం కాదు

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా అవసరం. 0.25 డిగ్రీల గడి సుమారు 750 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. ఒక డిగ్రీ ఉష్ణోగ్రత గడి 11 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. ఊరి ఈ చివర కురిసి ఆ చివర కురవని వానను అవి పట్టలేవు. వర్షపాత గ్రిడ్ రూపకల్పనలో 6,955 వర్షమాపకాల నమోదులు ఉపయోగించినట్లు 2014లో వెలువడిన దాని వివరణ పత్రం తెలుపుతున్నది. అయితే అవన్నీ అన్ని ఏళ్లూ పనిచేసినవి కావు. ఒక ప్రాంతంలో 1950లలో రెండు కేంద్రాలు, 1990లలో పది కేంద్రాలు ఉంటే, అతి భారీ వర్షాల సంఖ్యలో కనిపించే మార్పులో కొంత భాగం కేంద్రాల సంఖ్య వల్లనే రావచ్చు. పునర్విశ్లేషణ అనేది నమూనా సృష్టించిన అంచనా. కొలత కాదు.

అందువల్ల పరిశోధన క్షేత్రంలో ప్రతి ఉదయం 8:30కి వర్షమాపకం వద్దకు వెళ్లే పరిశీలకుడి విలువ తగ్గలేదు, పెరిగింది. గ్రిడ్‌ను సరిచూడడానికి మనకున్న తూకపురాయి ఆ రిజిస్టరే. అనేక క్షేత్రాల్లో ఆ రిజిస్టర్లు బీరువాల్లో చెదలకు గురవుతున్నాయి. ముందుగా వాటిని సాదా పట్టికలుగా టైపు చేయించడం, ప్రతి పుటకూ ఛాయాచిత్రం తీయించడం జరగాలి. కమాండ్ లైన్ నేర్పి రిజిస్టరును వదిలేస్తే పునాది లేని గోడ కట్టినట్లే.

వినవచ్చే అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం, ఇది కష్టమని. నల్లని తెరపై ఆంగ్ల అక్షరాల్లో ఆదేశాలు టైపు చేయడం మొదట జంకు కలిగించే మాట నిజమే. కానీ పై పనులన్నింటికీ కలిపి అవసరమయ్యే ఆదేశాలు ఇరవైకి మించవు. విస్తృతి విశ్లేషణ పట్టికను ఆర్‌లో తయారు చేయగల విద్యార్థికి ఇవి భారం కావు. స్క్రిప్టులో ప్రతి వరుస పక్కన వ్యాఖ్య రాసుకోవచ్చు. ఆ వ్యాఖ్య తెలుగులోనే రాయవచ్చు. "రోజును 8:30కి సరిచేశాం" అని తెలుగులో రాసి ఉంచిన వరుస తరువాతి విద్యార్థికి పాఠంగా ఉపయోగపడుతుంది.

రెండవ అభ్యంతరం, మంచి పోర్టళ్లు ఉండగా ఈ శ్రమ ఎందుకని. ఒక్కసారి చూడడానికి పోర్టల్ చాలు. దానిని నేను వద్దనడం లేదు. అయితే ఒక చిత్రం ఆధారంగా సలహా ఇచ్చేటప్పుడు, సిద్ధాంత వ్యాసం రాసేటప్పుడు, అదే చిత్రాన్ని వచ్చే ఏడు మళ్లీ గీయగలగాలి. పోర్టల్ రూపం మారవచ్చు, దాని వెనుకనున్న దత్తాంశం కొత్త సంచికగా మారవచ్చు, సగటు కాలం మారవచ్చు. తెరపట్టు మాత్రం ఏమీ చెప్పకుండా అలాగే ఉండిపోతుంది.

మూడవది, ఇది వాతావరణ శాస్త్రవేత్తల పని, మనకెందుకని. బెట్ట పంటకు ఏ దశలో నష్టం చేస్తుందో తెలిసినది వ్యవసాయ శాస్త్రవేత్తకు. ఏ ప్రశ్న అడగాలో తెలిసినవారి చేతిలో దత్తాంశం లేకపోతే, దత్తాంశం ఉన్నవారు తమకు తోచిన ప్రశ్నకు సమాధానం చెబుతారు.

నాలుగవది, స్క్రిప్టు రాసినా తప్పు రాదా అని. తప్పకుండా వస్తుంది. నేను పైన చెప్పిన పొరపాటు స్క్రిప్టులోనే జరిగింది. కానీ దాన్ని స్క్రిప్టు చదివే కనుగొన్నాం, ఒక్క మాటతో దిద్దుకున్నాం. ఈ పద్ధతి నుంచి అంతకు మించి ఆశించనవసరం లేదు.

చేయదగినవి

ఇందుకు కొత్త నిధులు అవసరం లేని కొన్ని చర్యలు సూచిస్తున్నాను. ఒకటి, వాతావరణ దత్తాంశం వాడిన ప్రతి స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసానికీ అనుబంధంగా స్క్రిప్టును జతచేయడం తప్పనిసరి చేయాలి. రెండు, వర్షపాత రేఖాచిత్రం శీర్షిక కింద ఈ వివరాలు ఉండాలి: దత్తాంశం పేరు, సంచిక, బిందువు అక్షాంశ రేఖాంశాలు, పోలిక కాలం, లోపించిన విలువల సంఖ్య, వాటిని ఏం చేశారన్నది, రోజు నిర్వచనం. మూడు, వ్యవసాయ వాతావరణ శాస్త్ర ప్రయోగ తరగతుల్లో కనీసం రెండింటిని దీనికి కేటాయించాలి. మొదటి తరగతిలో విద్యార్థి తన సొంత ఊరి గ్రిడ్ బిందువును వెలికితీయాలి, రెండవ దానిలో దానిని సమీప పరిశోధన క్షేత్ర రిజిస్టరుతో పోల్చాలి. నాలుగు, వ్యాసాలను పరిశీలించే మనలాంటివారు చిత్రం అందాన్ని చూసే ముందు "ఇది మళ్లీ గీయగలరా?" అని అడగాలి. నేనూ ఆ ప్రశ్న అడగకుండానే ఒకనాడు సంతకం చేశాను.

మా ప్రాంతంలో ఒక రైతు పాతికేళ్లుగా తన పొలంలో పడిన ప్రతి వానను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. తేదీ, కార్తె, పదును ఎన్ని అంగుళాలు దిగింది అన్నవి అందులో ఉంటాయి. నేను చూపిన రేఖాచిత్రాన్ని ఒకసారి తన పుస్తకంతో సరిచూసి, "సార్, ఈ వాన మీకు ఒకరోజు ఆలస్యంగా వచ్చినట్టుంది" అన్నాడు. ఆ రోజు అతడికి ఎందుకో చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. అతడు తన లెక్క ఎలా వచ్చిందో పుట తిప్పి చూపగలడు. అతడికి సలహా ఇచ్చే మనం కూడా మన లెక్క ఎలా వచ్చిందో అంత స్పష్టంగా చూపగలగాలి.